గండికోట మంచెకు ఏ ఊరి రేటు?

కడపలో నాకు రేడియోలు బాగుచేసే దుకాణం ఉంది. పోయిన నెల టెక్నికల్ స్కూలు కుర్రవాళ్లు ముగ్గురు వెతుక్కుంటూ వచ్చారు. నేను సినిమాల్లో శబ్దం పట్టే శాఖలో తొమ్మిదేళ్లు పనిచేసి, ముప్పయ్యేళ్లకే విశ్రాంతి తీసుకున్నవాణ్ణని ఎవరో చెప్పారట. వాళ్ల ప్రశ్న సూటిగా ఉంది.

"అదే మైకు, అదే ఫిల్ము, అదే పని. బొంబాయిలో అంత జీతం, మద్రాసులో ఇంతే జీతం. ఎందుకన్నా? మేము ఏ ఊరికి పోవాల?"

అలవాటు ప్రకారం కాగితం తీసుకొని కారణాలు వరసగా రాసిచ్చాను. హిందీ బొమ్మ దేశమంతా ఆడుతుంది, మన బొమ్మ కొన్ని జిల్లాల్లో ఆడుతుంది. బొంబాయిలో ఇంటి అద్దె ఎక్కువ. అక్కడ దీపాలవాడు దీపాలే చూస్తాడు, తాళ్లవాడు తాళ్లే చూస్తాడు. మద్రాసులో ఒకే మనిషి దీపం మోసి, తాడు లాగి, తీరిక దొరికితే వేషం కూడా వేస్తాడు. బొంబాయిలో స్టూడియోలు పాతవి, పద్ధతులు కుదురుకున్నాయి. కుర్రవాళ్లు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకొని వెళ్లిపోయారు.

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయితే నాకు స్వయంగా తెలిసిన కారణం ఒకటుంది, అది రాయలేదు. అది చెప్పాలంటే నేను భయపడిన రోజు గురించి చెప్పాలి. ఆ ముగ్గురి కోసమే ఇప్పుడు రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మాట. నేను ఉద్యోగంలో చేరి రెండో ఏడు. మా కంపెనీ కోట సన్నివేశాల కోసం గండికోటకు వచ్చింది. మద్రాసు నుంచి బొంబాయికి పోయే రైలు దారిలో ముద్దనూరు స్టేషనుంది. మద్రాసు వాళ్లం ఒక రైల్లో దిగాము, బొంబాయి నుంచి కుదుర్చుకున్నవాళ్లు ఎదురు రైల్లో దిగారు. ఒకే ప్లాట్‌ఫారం మీద మా ప్రొడక్షన్ మేనేజరు రెండు పుస్తకాలు పట్టుకొని నిలబడ్డాడు. బొంబాయి రైలు దిగినవాళ్ల పేర్లు ఒక దాంట్లో, మావి ఇంకో దాంట్లో. మూడో పుస్తకం లేదు. కోట దగ్గర పెట్టుకునే కూలీల పేర్లు ఎవరూ రాయలేదు.

నా పేరు దగ్గర ఆయన కలం ఆగింది.

"నీది రాజంపేట కదయ్యా? అంటే సొంత జిల్లా. నీకు బయటి ఊరి బత్తా దేనికి?"

"నేను మద్రాసు నుంచే వచ్చాను సార్. మా ఊరు ఇక్కడికి దూరం."

"అయితే సగం బత్తా రాస్తాను" అని రాసేశాడు.

నా వెనక బరువైన తాళ్ల చుట్టలు దింపుకుంటున్న ముసలాయన పకపకా నవ్వాడు. బొంబాయి స్టూడియోల్లో మంచెలు కట్టే మేస్త్రీ. అందరూ ఉస్తాద్ అనేవారు. గడ్డానికి గోరింటాకు రంగు, వేళ్లన్నీ తాళ్ల రాపిడికి బండబారినవి.

"ఏం బేటా, రాజంపేటోనివా? నాది కర్నూలు పాతబస్తీ. బొంబాయికి పోయి ముప్పయ్యేండ్లాయ. నువ్వు ఆ పక్క రైలెక్కినావు, నేను ఈ పక్క రైలెక్కినా. అంతే తేడా. నా బత్తా ఎంతో చెప్తే ఈడనే ఏడుస్తావు, అడగాకు."

నేను అడగలేదు. ఆయన జీతం నాకు నాలుగింతలని తర్వాత తెలిసింది. నేను చదివి పట్టా పుచ్చుకున్నవాణ్ణి. ఆయన సంతకం చెయ్యలేక వేలిముద్ర వేసేవాడు. ఆ రోజు నుంచే ఆయన ఏం చెప్పినా తప్పు పట్టాలనిపించేది.

గండికోట చూసినవాళ్లకు తెలుసు. కోట వెనక నేల ఉన్నట్టుండి తెగిపోతుంది. ఎర్రటి బండలు నిలువుగా దిగిపోతాయి, అడుగున పెన్న. మా డైరెక్టరు రాసుకున్న సన్నివేశంలో కథానాయకుడు ఆ అంచు మీద నిలబడి, శత్రువుల వైపు చూస్తూ నాలుగు వాక్యాలు మాట్లాడాలి. ఉదయం వెలుగు ఆయన వీపు మీద పడుతుంది, ముఖం చీకటి. ముఖం మీదికి వెలుతురు కొట్టాలంటే తగరం కాగితం అతికించిన పెద్ద చెక్క బోర్డును లోయ వైపు నుంచి పట్టుకోవాలి. లోయ వైపు నేల లేదు. అందుకని రెండు దూలాలు అంచు దాటించి, వెనక కొసల మీద బండలు పేర్చి, ముందు కొసల మీద పలకలు కట్టి, ఉస్తాద్ మంచె తయారుచేశాడు. బోర్డు పట్టుకొని దాని మీద కూర్చోవడానికి కోట కింది ఊళ్లో రాళ్లు కొట్టే ఆయనను రోజుకూలీకి పెట్టుకున్నారు.

ఆయనకు నలభై ఏళ్లుంటాయి. ఆదివారం పొద్దున తమ ఊరి చర్చికి పోయి వచ్చాకే పనికి వస్తానని చెప్పాడు, మేనేజరు సరే అన్నాడు. భార్య సంగటి ముద్ద, చింతకాయ ఊరుబిండి పచ్చడి మూట కట్టుకొని వెంట వచ్చేది. బండరాళ్ల మీద పుట్టి పెరిగినవాడు కాబట్టి ఆయన ఆ మంచె మీదికి మనం అరుగెక్కినట్టు ఎక్కేవాడు. మొదటి రోజు చూసి నాకు కళ్లు తిరిగాయి.

ఉస్తాద్ అందరి ముందూ చెప్పాడు: "ఒక మనిషి, ఒక బోర్డు. పొద్దు నెత్తి మీదికొచ్చే లోపల. అంతే."

శబ్దం తర్వాత మద్రాసులో కలుపుదామని మొదట అనుకున్నారు. షాటు తీసే రోజున కథానాయకుడు సాయంత్రం రైలుకే బొంబాయి పోవాలి, మళ్లీ ఎప్పుడొస్తాడో తెలియదు. అందుకని డైరెక్టరుకు మాటలు అక్కడికక్కడే పట్టాలన్న ఆలోచన వచ్చింది. మా పెద్ద రికార్డిస్టు జ్వరంతో జమ్మలమడుగులో పడుకున్నాడు. శబ్దం పట్టే యంత్రాల బండిలో ఆ రోజు నేనే పెద్ద.

"మైకు ఎక్కడ పెట్టగలవు?" అని అడిగాడు డైరెక్టరు.

కెమెరాకు కనపడకుండా, నటుడి నోటికి ఎదురుగా ఉన్న చోటు ఒక్కటే. మంచె. నేను కాగితం తీసి రాశాను. మనిషి బరువు, బోర్డు బరువు, ఇనుప స్టాండు, మైకు, కేబులు. అన్నీ కలిపాను. చదువుకున్న సూత్రం ప్రకారం దూలం మోయగల బరువు కట్టాను. చాలా మిగిలింది. కాగితం చూపించాను. మేనేజరు నా భుజం తట్టి, చెవి దగ్గరికి వచ్చి అన్నాడు:

"ఈ షాటు పట్టావంటే వచ్చే బొమ్మకు నిన్ను బొంబాయి రేటులో రాస్తాను. నా మాట."

ఉస్తాద్ మాత్రం తాడు కింద పెట్టేశాడు.

"ఇనుము ఎక్కించేది లేదు. పొద్దు కూడా ఎక్కిపోయింది. మీకు గావాలంటే రేపు ఇంకో మంచె కడతా."

"లెక్క వేశాను ఉస్తాద్. మోస్తుంది" అన్నాను.

"లెక్కేసినావు గదా బేటా, అయితే నువ్వే పోయి కూచో."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మేనేజరు మాత్రం నవ్వలేదు. "మీరు కట్టకపోతే మా మద్రాసు మనుషులు కడతారు" అన్నాడు. ఉస్తాద్ పోయి కొంచెం దూరంలో ఉన్న పాత ధాన్యాగారం నీడలో కూర్చొని బీడీ ముట్టించాడు. దీపాలు మోసే మద్రాసు మనుషులు ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకొని స్టాండు మోసుకెళ్లి మంచె మీద కట్టేశారు. వాళ్లూ నాలాగే నెల జీతగాళ్లు. కాదంటే మద్రాసులో పోవడానికి ఇంకో రెండు స్టూడియో గేట్లు ఉన్నాయి. ఆ రెండు గేట్ల దగ్గరా అప్పటికే మనుషులు బారులు తీరి ఉన్నారు.

నా బండి అంచుకు దూరంగా, గోడ చాటున ఉంది. అక్కడి నుంచి మంచె కనపడదు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని, ముందు ఒక బొత్తాం మీద వేలు పెట్టి కూర్చోవాలి. డైరెక్టరు "సౌండ్?" అని కేకేస్తే నేను బొత్తాం నొక్కుతాను, కెమెరా పక్కన గంట మోగుతుంది. ఒకసారి మోగితే సిద్ధం. రెండుసార్లు మోగితే వద్దు. పద్ధతి అంతే, నేర్చుకోవడానికి అర నిమిషం చాలు.

ఫోన్లు పెట్టుకున్నాను. నటుడు గొంతు సవరించుకోవడం వినిపించింది. రాళ్లు కొట్టే ఆయన ఊపిరి వినిపించింది. ఆ వెనక ఇంకొకటి. కిర్రుమని. సన్నగా, పాత తలుపు తీసినట్టు. ఆగింది. మళ్లీ కిర్రు.

మైకు మంచె మీదే ఉంది. దూలం బండ అంచు మీద ఒరుసుకునే చప్పుడు ఇనుప స్టాండు మీదుగా నేరుగా నా చెవిలోకి వస్తోంది. అక్కడ నిలబడిన ముప్పయి మందిలో ఒక్కరికీ అది వినపడదు. నాకు మాత్రమే.

"సౌండ్?"

ఒకసారి నొక్కాను.

వాక్యాలు అయిపోయాయి. డైరెక్టరుకు నటుడి చెయ్యి నచ్చలేదు, మళ్లీ అన్నాడు. ఈసారి కిర్రు ముందుకన్నా పొడుగ్గా సాగింది. దాని వెంట బోర్డు తపతపమని కొట్టుకున్న చప్పుడు. అప్పుడు అర్థమైంది. ఎండ ఎక్కిన కొద్దీ లోయలో నుంచి గాలి పైకి లేస్తోంది. ఆ బోర్డు పడవ తెరచాపంత ఉంది. నా జాబితాలో అన్నిటి బరువులూ ఉన్నాయి, గాలి లేదు. ఉస్తాద్ చెప్పిన పొద్దు లెక్క దేనికో అప్పుడు తెలిసింది.

"సౌండ్?"

ఒకసారి నొక్కాను. ఎందుకు నొక్కావని మీరు అడగవచ్చు. రెండుసార్లు నొక్కితే నా లెక్క తప్పని ఒప్పుకోవాలి. బొంబాయి రేటు పోతుంది. ఇవి రెండూ కారణాలే. అన్నిటికన్నా ముందు, వేలు ఆ పని చేసేసింది.

అదీ డైరెక్టరుకు నచ్చలేదు. మూడోసారికి కిర్రు ఆగడమే మానేసింది. మధ్యలో ఒక చిటుక్కు. నేను రెండుసార్లు నొక్కాను.

మేనేజరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఏమయ్యా? ఏమైంది?"

"దూలం సార్. వినండి."

ఫోన్లు లాక్కొని చెవికి పెట్టుకున్నాడు. విన్నాడు. ఆయన ముఖంలో రంగు మారడం నేను చూశాను. అయినా గడియారం తీసి చూసుకున్నాడు.

"కర్ర చప్పుడు తెర మీద కనపడుతుందా? రైలుకు టైమవుతోంది. ఇంకొక్కసారి. నొక్కు."

ఆయన కూడా భయపడుతున్నాడు. నటుడు వెళ్లిపోతే ఆయన ఉద్యోగమూ పోతుంది. అది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నేను బండి దిగి పరిగెత్తాను. ధైర్యం కాదు. ఆ ఫోన్లు మళ్లీ నా చెవులకు పెడతాడేమోనన్న భయం.

అంచు దగ్గరికి పోయేసరికి మంచె ఊగుతోంది. రాళ్లు కొట్టే ఆయన బోర్డును రెండు చేతులా పొదివి పట్టుకొని, కాళ్లు స్టాండుకు మెలిపెట్టి కూర్చున్నాడు.

"వెనక్కి వచ్చెయ్యి! దూలం విరుగుతోంది!" అని అరిచాను.

"ఇది అయ్యేలోపల దిగితే కూలి లేదన్న్యారు సామీ!"

"కూలి సంగతి తర్వాత!"

"తర్వాత ఎవరిస్తారు? మీరిస్తారా?"

అప్పటికే ఉస్తాద్ బీడీ పారేసి పరిగెత్తి వస్తున్నాడు. వస్తూనే వెనక కొసల మీది బండల మీద బోర్లా పడ్డాడు. నేనూ పడ్డాను. మద్రాసు మనుషులిద్దరూ మా పక్కన పడ్డారు.

"బోర్డు ఇడిచిపెట్టు!" అని ఉస్తాద్ కేక. "కంపెనీదని సూడాకు! ఇడిచిపెట్టి పండుకో!"

ఆయన వదల్లేదు. గాలే లాక్కుంది. బోర్డు పైకి లేచి, తళుక్కుమని ఒకసారి మా అందరి కళ్లలో ఎండ కొట్టి, లోయలోకి పోయింది. కింద పడిన చప్పుడు వినపడటానికి చాలాసేపు పట్టింది. ఆ ఊపుకు ఎడమ దూలం విరిగి పలకలు వాలిపోయాయి. ఆయన కుడి దూలాన్ని కరుచుకున్నాడు. నా ఛాతీ కింద బండలు కదులుతున్నాయి. ఆయన భార్య అరవడం లేదు. గోడ దగ్గర నిలబడి, సంగటి మూట రెండు చేతులతో పట్టుకొని, పెదవులు కదుపుతోంది. ఆయన మోచేతుల మీద, జానెడు జానెడు పాక్కుంటూ వచ్చాడు. ఉస్తాద్ ఆయన చొక్కా దొరకబుచ్చుకొని లోపలికి లాగాడు.

ఆ సాయంత్రం నటుడు రైలు ఎక్కలేదు. జరిగింది చూసి ఇంకో రెండు రోజులు ఉంటానన్నాడు. ఒక్క మాటతో ఆయన ఉండిపోయాడు. ఆయన ఉండడనుకొనే పొద్దున ఒక మనిషిని లోయ మీద కూర్చోబెట్టాము. ముందుగా ఆ నటుణ్ణి ఎవరూ అడగలేదు.

రాళ్లు కొట్టే ఆయన ధాన్యాగారం మెట్ల మీద మోచేతులకు భార్య చేత పసుపు పెట్టించుకుంటుంటే దగ్గరికి వెళ్లాను. ఉస్తాద్ అక్కడే ఉన్నాడు.

"నాకు చప్పుడు ముందే వినపడింది" అన్నాను.

ఆయన తల ఎత్తాడు. "ఎన్నితూర్లు?"

"మూడు."

"అంటే రెండుతూర్లు ఇని గంట కొట్టినావు."

"కొట్టాను."

పొద్దున్నుంచీ సామీ అంటున్నవాడు ఇప్పుడు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "ఏమప్పా, నువ్వు సదువుకున్నోనివే గదా" అన్నాడు. భార్య వైపు తిరిగి, "ఆ మోచెయ్యికి కూడా పెట్టు" అన్నాడు.

ఉస్తాద్ నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"నేను పొద్దున కాదంటి గదా. ఎట్ల అంటి? బొంబాయిలో ఈ కంపెనీ గాకపోతే ఆ కంపెనీ. ఒక గేటు మూస్తే పది గేట్లుండాయి. అది వాళ్లకు తెలుసు, అందుకే దుడ్లు శానా ఇస్తారు. నీకెన్ని గేట్లు బేటా?"

"మూడు."

"ఆయప్పకి?"

ఆ కొండ మీద రాళ్లు కొట్టే ఆయనకు మా కంపెనీ ఒక్కటే. ఆ కంపెనీ కూడా వారం రోజులే.

మర్నాడంతా ఉస్తాద్ కొత్త మంచె కట్టాడు. బోర్డు కట్టి, మనిషికి బదులు రాళ్ల మూట పెట్టి, మిట్టమధ్యాహ్నం గాలిలో వదిలేసి, పక్కన కూర్చొని చూశాడు. మనిషి ఎక్కేది మాత్రం తెల్లారగానే, గాలి లేవకముందే అన్నాడు. ఈసారి ఎవరూ ఎదురు చెప్పలేదు.

చిక్కల్లా దాని మీద కూర్చునే మనిషి దగ్గరే వచ్చింది. మేనేజరు చుట్టుపక్కల నాలుగు ఊళ్లు తిరిగాడు. జరిగింది అందరికీ తెలిసిపోయింది. ఒక్కడూ రాలేదు. చివరికి రాళ్లు కొట్టే ఆయన ఇంటికే పోవాల్సి వచ్చింది. నన్నూ తీసుకుపోయాడు, మాట సాయానికి.

"బొంబాయోళ్లకిచ్చే కూలి ఇయ్యండి, వస్తా" అన్నాడాయన గడప మీద కూర్చునే.

మేనేజరు నవ్వబోయి, ఆయన నవ్వడం లేదని చూసి మానుకున్నాడు. "అంత కుదరదు. మద్రాసు రేటు ఇస్తాను."

"ముందే ఇయ్యాల."

"ఇస్తాను."

"మీదట ఇంకొకటుండాది." అప్పుడు నా వైపు తిరిగాడు. "నువ్వే గదా ఆ బండిలో ఉండేది?"

"నేనే."

"మేము బాయి తవ్వేటప్పుడు లోపలుండేటోని చేతికీ, పైనుండేటోని చేతికీ ఒకే దారం కడతాము. కిందోడు లాగితే పైనోడు ఇంకేం అడగడు, పైకి తీస్తాడు. పైన మట్టి జారితే పైనోడు లాగుతాడు, కిందోడు పనిముట్టు పారేసి వస్తాడు. ఆ దారం నీ చేతికి కట్టుకుంటావా?"

"కట్టుకుంటాను."

"కోస్తాది. గట్టిగా కడతా."

"కట్టు."

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. మేనేజరు నాకిచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. మొదటి రెండు టేకుల్లో కిర్రును ఎవరూ పట్టించుకోలేదు, మాటలు బాగా వచ్చాయని మద్రాసులో మెచ్చుకున్నారట. తర్వాతి బొమ్మకు నన్ను బొంబాయి రేటులో రాశారు. నేను తీసుకున్నాను. ఏడేళ్లు తీసుకున్నాను. నా పనితనానికే ఇస్తున్నారని చాలాకాలం అనుకోవడానికి ప్రయత్నించాను.

మూడో రోజు ఇంకా ఎండ రాకముందే మంచె కట్టిన చోటు నుంచి నా బండి దాకా జనపనార దారం లాగారు, గోడ మీద ఒరుసుకోకుండా మధ్యలో ఉస్తాద్ రెండు కొంకీలు పెట్టాడు. రాళ్లు కొట్టే ఆయన స్వయంగా వచ్చి నా ఎడమ మణికట్టుకు మూడు ముళ్లు వేశాడు. ముడి బిగించి, ఒకసారి లాగి చూశాడు. "గట్టిగా గుంజితే తీయాల, మెల్లగా తడితే బాగుండానని" అని పోయి మంచె ఎక్కాడు.

ఫోన్లు పెట్టుకున్నాను. ఊపిరి. పక్షి. నటుడు గొంతు సవరించుకున్నాడు. కిర్రు లేదు. నా భయం మాత్రం పోలేదు. లేని చప్పుడు కూడా వింటున్నాను, నా గుండె కొట్టుకోవడం దూలం చిట్లడంలా ఉంది. కుడి వేలు బొత్తాం మీద పెట్టలేకపోతున్నాను.

"సౌండ్?" అన్నాడు డైరెక్టరు. నేను వింటూనే ఉన్నాను. "సౌండ్?" అన్నాడు మళ్లీ, విసుగ్గా. మేనేజరు బండి పక్కనే ఉన్నాడు. నోరు తెరిచి, నా మణికట్టు వైపు చూసి, మూసుకున్నాడు.

దారం ఒకసారి బిగిసింది. తొందరగా కాదు, మెల్లగా, తట్టినట్టు. నేనూ బదులుగా ఒకసారి మెల్లగా తట్టాను.

అప్పుడు గంట నొక్కాను.